కార్డు అంచుకి అవతల

జూన్ 3

ముప్పై ఒకటో కార్డు అయింది. ఇంకా నలభై ఏడు. జోస్యం చెప్పే టారో కట్టలో మొత్తం డెబ్భై ఎనిమిది కార్డులుంటాయని ఎడిటర్ చెప్పినప్పుడు "అంతేనా" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు కుట్టేసుకోవాలనిపిస్తోంది.

పాత కార్డుల్లో రాజులు, కోటలు, గుర్రాలు ఉంటాయి. మా కట్టలో అవేవీ ఉండకూడదట, రోజూ మనకి ఎదురయ్యే మనుషులే ఉండాలట. అందుకని, పేకలో ఇస్పేటు, ఆఠీను లాగా ఇందులో ఉండే నాలుగు రకాల్లో, కత్తులన్నీ కత్తెరలయ్యాయి, కర్రలు గొడుగులయ్యాయి, నాణేలు చొక్కా గుండీలయ్యాయి. కప్పులు కప్పులుగానే మిగిలాయి, కాకపోతే కాఫీ కప్పులు. ఆకాశం చూస్తూ కొండ అంచు దాకా నడిచొచ్చిన అమాయకుడు ఇప్పుడు ఫోన్ చూసుకుంటూ ఎస్కలేటర్ దిగుతున్నాడు. మృత్యువు కార్డుకి అస్థిపంజరం తీసేసి, ఇల్లు మారుతున్నవాళ్ల సామాను లారీ వేశాను. ఎడిటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇది చూస్తే భయం వెయ్యట్లేదు. హాయిగా ఉంది" అన్నాడు. మెచ్చుకున్నాడో దెప్పాడో తెలియలేదు. ఆ కార్డంటే చావు కాదు, ఒకటి ముగియడం అని నాకు చెప్పింది అతనే కదా.

కట్టతో పాటు చిన్న పుస్తకం ఉంటుంది. ఏ కార్డుకి ఏం అర్థమో అందులో ఉంటుంది. దాన్ని ఒకావిడ రాస్తోంది. నేను బొమ్మ పంపితే, ఆవిడ చూసి రాసి, నాకూ ఒక ప్రతి పంపుతుంది. ఇంతవరకూ మనిషిని చూడలేదు. నా మటుకు ఆవిడ పుస్తకం ఆవిడ.

జూన్ 6

మగవాళ్లందరికీ ఆయన ముఖమే వేస్తున్నాను. జీతం అడగని మోడల్ మొగుడే కదా. ఆదివారం ఆయన కళ్లద్దాల షాపుకి సెలవు కాబట్టి స్టూలు మీద కూర్చోబెడతాను. కార్డుల పేర్లు మాత్రం పాతవే కాబట్టి గొడుగుల రాజూ ఆయనే, కత్తెరల రాజూ ఆయనే. పదహారేళ్లుగా చూస్తున్న ముఖం, చూడకుండానే గీసెయ్యొచ్చు. గీసేస్తున్నాను కూడా.

రోజూ ఒకటే వరస. పెద్ద కాగితం మీద నల్ల అట్ట పెడతాను. అట్టకి మధ్యలో కార్డు సైజులో కిటికీ కోసి ఉంటుంది. నాకు కావాల్సింది ఆ కిటికీలో కనిపించినంతే. పదకొండింటికి అక్క ఫోన్ చేస్తుంది. స్పీకర్ ఆన్ చేసి, అట్ట పక్కన పెట్టి, కలం చేత్తో పట్టుకునే వింటాను. మర్నాడు పొద్దున ఆయన షాపుకెళ్తూ కాగితాలు తీసుకెళ్లి, పక్కనున్న జిరాక్స్ షాపులో పెద్ద స్కానర్ మీద తనే ఒక్కొక్కటీ పెట్టి స్కాన్ చేసుకొస్తాడు. నేను కంప్యూటర్లో కార్డు మేరకి కత్తిరించి పంపిస్తాను. ఇంతవరకూ ఒక్క కాగితం కూడా నలగలేదు. ఆ మాత్రం మెచ్చుకోవాలి.

జూన్ 12

ఇవాళ చక్రవర్తి కార్డుకి రాత వచ్చింది. నేను వేసింది అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడిని. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో తాళాల గుత్తి పట్టుకుని ఉంటాడు. ముఖం మామూలే, ఆయనది.

పుస్తకం ఆవిడ ఇలా రాసింది: "మాట్లాడే ముందు ఈ మనిషి రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు. రెండోసారి అవసరం లేదు. అయినా సవరించుకుంటాడు."

మళ్లీ చదివాను. ఆయన సరిగ్గా అంతే చేస్తాడు. "ఉప్పు అందుకో" అనడానికి కూడా రెండుసార్లు. బొమ్మలో గొంతు సవరించుకోవడం ఎవరైనా ఎలా గీస్తారు? నేను గీయలేదు. ఆ గొంతు వింటేనే తెలుస్తుంది. అంటే ఆవిడ వింది.

ఎక్కడ వింది?

జూన్ 13

కాఫీ తాగేటప్పుడు లెక్కపెట్టాను. రెండుసార్లే.

జూన్ 15

ఆయన చొక్కాలు ఆయనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మొన్నటి నుంచి అనుకున్నాను, కాదు, పది రోజులైంది. అక్కతో చెప్పాను.

"ఇస్త్రీయా! మీ బావగారైతే ఇస్త్రీ పెట్టె చూసి రేడియో అనుకుంటారే. నువ్వు అదృష్టవంతురాలివి, నోరు మూసుకుని ఉండు" అంది.

"పదహారేళ్లు రాని బుద్ధి ఇప్పుడెందుకు వచ్చినట్టు?"

"వచ్చిందిగా. వచ్చినదాన్ని పట్టుకుని ఎందుకొచ్చావని అడుగుతావా?"

"ఎవరి కోసమో వచ్చింది అంటున్నాను."

అక్క నవ్వింది. మరిది మొహానికి ఇంకో ఆడది కూడానా అంది. నాకు ఒళ్లు మండింది. మా ఆయన్ని అంత తీసిపారెయ్యాల్సిన పనేముంది? చక్కగానే ఉంటాడు. అదే నా బాధ.

జూన్ 18

గుండీల నాలుగు. పాత కార్డులో ఒక పిసినారి నాణేలు గుండెకి హత్తుకుని కూర్చుంటాడు. నేను బస్ స్టాప్‌లో సంచి కావలించుకుని కూర్చున్న ఒకావిడని వేశాను. దానికొచ్చిన రాత: "ఈమెకి కావాల్సింది ఒక్క కుర్చీ. రెండో కుర్చీ ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు."

ఈ కుర్చీ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. అసలు అనుకోనే లేదు. ఎప్పుడైనా అనుకుని ఉంటే అది సరదాకి.

నిద్రలో మాట్లాడతానేమో. మాట్లాడితే వినేది ఒక్కరే. విన్నది వెళ్లి ఇంకొకరికి చెప్పేదీ ఆ ఒక్కరే. నా కలలు కూడా వాళ్లకి కాలక్షేపం అయిపోయాయన్నమాట.

జూన్ 20

జేబులు వెతికాను. రెండు చిన్న స్క్రూలు, అద్దాలు తుడిచే గుడ్డముక్క. నిరాశగా అనిపించింది.

నిరాశ కాదు, ఊరట. రాయడంలో పొరపాటు.

జూన్ 22

చెప్పకుండా షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఎర్ర సంచి తగిలించుకున్న ఒకావిడ ఫ్రేములు మార్చి మార్చి పెట్టుకుంటోంది. ఆయన అద్దం పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. ఇంట్లో ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. ఆవిడ నోరు తెరిచింది: "మా అమ్మాయి పెళ్లిలో ఈ ఫ్రేముతో మరీ చిన్నపిల్లలా ఉంటానేమో కదండీ?" సరే, ఆవిడ కాదు. పుస్తకం రాసే మొహంలా కూడా లేదు.

"ఏంటి ఇలా వచ్చావు?" అన్నాడు ఆయన.

"కళ్లు లాగుతున్నాయి."

నమ్మాడు. వెనక గదిలో కూర్చోబెట్టి, బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు ఒక్కొక్కటే వేస్తూ, "ఇది బాగుందా? ఇదా?" అని అడిగాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. మొదటిది అన్నాను ఒకసారి, రెండోది అన్నాను ఇంకోసారి. ఆయన పట్టేశాడు. నంబరు మారలేదన్నాడు. ఫ్రేము తీస్తూ రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఈ కార్డుల పని అయిపోయాక ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగాడు.

పదహారేళ్లలో ఎన్ని పనులు చేశాను! పిల్లల పుస్తకాలు, క్యాలెండర్లు, మందుల డబ్బాల మీద బొమ్మలు. ఏ పని అయ్యాకా ఆయన ఈ ప్రశ్న వెయ్యలేదు. నా పని ఎప్పుడు అయిపోతుందో ఎవరికో చెప్పాల్సి ఉందన్నమాట.

"ఏం చెయ్యాలో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన అద్దాల పెట్టె మూసి, లోపల ఏదీ తప్పిపోలేదని మళ్లీ తెరిచి చూసి, మళ్లీ మూశాడు.

జూన్ 27

ఇప్పుడు వంట. నా వెనకే నిలబడి, గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని నిమిషాలు అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. గ్యాస్ పుస్తకం ఎక్కడుంటుందన్నాడు. కరెంటు బిల్లు నేను ఏ తారీఖున కడతానన్నాడు. వచ్చేదానికి వంట కూడా చేతకాదు కాబోలు, పాపం, అన్నీ ఈయనే నేర్చుకోవాల్సి వస్తోంది.

అన్నం ఆయనే వండాడు. మెత్తగా అయింది. బాగుందని చెప్పి రెండోసారి పెట్టించుకున్నాను. ఎందుకలా చేశానో తెలియదు.

జూన్ 30

ఆదివారం. స్టూలు మీద కూర్చోలేదు. "నా ముఖం ఇంక చాలేమో" అన్నాడు.

జూలై 2

ప్రేమికుల కార్డు. ఇద్దరు మనుషులు కావాలి. లిఫ్ట్‌లో పక్కపక్కన నిలబడి, చెరో వైపు చూస్తున్నట్టు అనుకున్నాను. మగవాడిని చూడకుండా గీసేశాను. ఆడమనిషి దగ్గర చెయ్యి ఆగిపోయింది. సాయంత్రం దాకా అక్కడ ఖాళీయే. ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ బల్ల వంక చూశాడు.

"ఈ చోటు ఎవరికి వదిలావు?"

"మీరే చెప్పాలి. ఎవరిని వెయ్యమంటారు?"

"అర్థం కాలేదు."

"ఆవిడెవరు?"

"ఏ ఆవిడ?"

"నా గురించి మీరెవరికి చెబుతున్నారో ఆవిడ. పుస్తకం రాస్తున్నావిడ. మీ గొంతు ఆవిడకెలా తెలుసు? నా కుర్చీ ఆవిడకెలా తెలుసు? ఇస్త్రీ ఎవరి కోసం, వంట ఎవరి కోసం? నేనేం పిచ్చిదాన్నా?"

ఒక చెప్పు కాలికి ఉండగానే అలా నిలబడిపోయాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరిచినవాడి మీద తిరిగి అరవొచ్చు. తప్పు చేసినవాడి మీదైతే ఇంకా గట్టిగా అరవొచ్చు. మెల్లగా, "నాకెవరూ లేరు. ఇస్త్రీ ఎందుకో నీకే తెలియాలి" అని బాత్రూమ్‌లోకి వెళ్లాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది.

జూలై 3

నీకే తెలియాలి అంటే?

జూలై 4

నాకే తెలియాలట.

జూలై 8

కప్పుల ఎనిమిది. ఒకావిడ ఎనిమిది కప్పులు బల్ల మీద వదిలేసి వీపు తిప్పి వెళ్తూ ఉంటుంది. ఇంతవరకూ వేసినవాటిలో ఇంత తేలిగ్గా వచ్చిన బొమ్మ ఇంకోటి లేదు. మొన్న అరపూటలో అయిపోయింది.

రాత వచ్చింది. "ఇందులో ఎవరి తప్పూ లేదు. కప్పులన్నీ నిండుగానే ఉన్నాయి. అయినా ఈమె వెళ్తోంది. గదికి ఉత్తరం వైపు కిటికీ ఉందా అన్నదొక్కటే అడుగుతోంది."

ఉత్తరపు వెలుతురులో రంగులు మారవు, బొమ్మలేసేవాళ్లకి అది బంగారం. కానీ ఆ గది, ఆ కిటికీ, ఆ వెళ్లిపోవడం! కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు రాసింది ముండ. ఎడిటర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ నా ఎదురుగా కూర్చుంటే తప్ప ఇంకో గీత గియ్యనన్నాను. ఎల్లుండి ఆఫీసుకి రమ్మన్నాడు.

నాకు సంతోషంగానే ఉంది. ఎల్లుండితో తేలిపోతుంది. తప్పు ఆయనదే అని తేలాక ఇంకేం అడ్డు?

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 10

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పుస్తకం ఆవిడకి డెబ్భై ఏళ్లుంటాయి. చేతికర్ర, దళసరి అద్దాలు. నన్ను చూడగానే లేవబోయి, లేవలేక, కూర్చునే రెండు చేతులూ చాచింది. "అమ్మా, ఎన్నాళ్లకి! కూర్చో. నీ బొమ్మలు ఒక ఎత్తు, పక్కన నువ్వు రాసే నోట్సు ఒక ఎత్తు. అవి లేకపోతే నేను నాలుగు ముక్కలు కూడా రాయలేకపోదును."

"నేనేం నోట్సు రాశాను?"

ఆవిడ ఎడిటర్ వంక చూసింది. ఎడిటర్ నా వంక చూశాడు. ఆవిడ సంచిలోంచి ప్రింట్లు తీసి బల్ల మీద పరిచింది. నా కార్డులే. కానీ ఒట్టి కార్డులు కాదు, మొత్తం కాగితాలు. నాలుగు అంచుల వరకూ.

ఎడిటర్ ఫైలు తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "మేడమ్, మీరు కత్తిరించాననుకున్నది పోలేదు. దాక్కుందంతే. మీరు పంపేది అసలు ఫైలు. ఆవిడ కంప్యూటర్లో ఏ సెట్టింగ్ ఉందో, మొత్తం కాగితం తెరుచుకుంటోంది. నేను చిన్న కాపీలే చూస్తాను, నాకు తెలియలేదు."

కార్డు అంచుకి అవతల, అట్ట కప్పే చోట, నా రాత. అక్కతో మాట్లాడుతున్నప్పుడు కలం చేతిలోనే ఉంటుంది. చక్రవర్తి పక్కన: గొంతు రెండుసార్లు, రెండోసారి అవసరం లేదు. గుండీల నాలుగు పక్కన: కుర్చీ ఒకటి, పళ్లెం ఒకటి, తాళం ఒకటి. రెండో కుర్చీ వద్దు, ఎవరో వచ్చి కూర్చుంటారు. కప్పుల ఎనిమిది చుట్టూ ఒక గది. కిటికీ, కిటికీ పక్కన బాణం గుర్తు, ఉత్తరం. కింద చిన్న అక్షరాలతో: ఆయన తప్పేం లేదు.

అవన్నీ నా అక్షరాలే. పొరపాటు పడే అవకాశమే లేదు. కత్తిరించేటప్పుడు కూడా నా చూపు కార్డు అంచు దాటలేదు.

"నీ గురించి రాశావని నాకు తట్టనేలేదమ్మా. కార్డులో మనుషుల గురించే అనుకున్నాను" అంది ఆవిడ. ఆవిడ కళ్లలో నీళ్లు. నేను ఆవిడని మొన్న ఏమని తిట్టానో ఆవిడకి తెలియదు.

ఇంటికొచ్చి అసలు కాగితాలన్నీ నేల మీద పరిచాను. తొమ్మిదో కాగితం నుంచి ఉన్నాయి గదులు. తొమ్మిదోది వేసింది ఫిబ్రవరిలో. ఒక్కో గదిలో మంచం ఒక్కో మూలకి మార్చి చూసుకున్నాను. ఇరవై ఆరు గదులు. ఏ గదిలోనూ ఆయన లేడు.

ఈ కాగితాలు రోజూ పొద్దున మోసుకెళ్లింది ఎవరు? ఒక్కొక్కటీ తన చేత్తో స్కానర్ అద్దం మీద బోర్లించింది ఎవరు?

ఐదు నెలలు.

జూలై 11

షాపు మధ్యాహ్నమే మూసి వచ్చాడు. కాగితాలు నేల మీదే ఉన్నాయి. తొక్కకుండా దాటుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"చూశారు కదూ అన్నీ" అన్నాను.

"చూశాను."

"అడగొచ్చు కదా!"

"అడిగితే అవునంటావని."

నాకు ఏడుపు రాలేదు. ఆయనకీ రాలేదు. కాసేపు అలా కాగితాలు చూస్తూ కూర్చున్నాం, ఎవరో అద్దెకిచ్చే ఇళ్లు చూస్తున్నట్టు.

"మొదట్లో మామూలు గీతలనుకున్నాను. తర్వాత మంచం మూల మార్చావు. మంచం మారుస్తోందంటే నిజంగానే వెళ్తుందనుకున్నాను. నువ్వెళ్లాక అన్నం కూడా వండుకోలేకపోయాడని ఎవరూ అనకూడదు కదా. అందుకే నేర్చుకుంటున్నాను."

"మరి నేనేమో మీకెవరో ఉన్నారని..."

"ఉంటే నీకు తేలికయ్యేది." కోపంగా అనలేదు. లెన్స్ నంబరు చెప్పినట్టు చెప్పాడు. అంత సరిగ్గా నా గురించి ఎవరూ చెప్పలేదు.

తర్వాత అడిగాడు. "నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు."

"ఏదో ఒకటి ఉంటుంది. చెప్తే దిద్దుకుంటాను. ఆ గొంతు సంగతి చదివాను. మానేద్దామనే చూశాను. ఒకసారితో ఆపితే మాట బయటికి రావట్లేదు."

అప్పుడు ఏడ్చాను. నన్ను ఏ రోజూ ఒక్క మాట అనని మనిషి. తాగడు, తిట్టడు, లెక్కలు అడగడు. ఆయన దగ్గర నాకేం లోటని ఎవరైనా అడిగితే ఒక్క జవాబు లేదు. జవాబు లేదని, ఒకటి పుట్టిద్దామని ఆయన జేబులు వెతికాను. ఆయన్ని దోషిని చేస్తే నేను మంచిదానిగా వెళ్లిపోవచ్చనుకున్నాను. ఇంతకన్నా నీచమైన పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. అదే ఆయనతో అన్నాను. క్షమించమన్నాను.

"ఉండిపోతావా?" అన్నాడు.

అబద్ధం నాలుక చివరికి వచ్చింది. ఎంత తేలికో. పదహారేళ్లుగా అలవాటైనదే. తల అడ్డంగా ఊపాను. ఆయన "సరే" అన్నాడు. తర్వాత మళ్లీ, "సరే" అన్నాడు.

జూలై 12

అక్కకి చెప్పాను.

"కొట్టాడా?"

"లేదక్కా."

"ఎవర్నైనా ఉంచుకున్నాడా?"

"లేదు."

"మరి ఏం రోగమే నీకు? అడిగినవాళ్లకి ఏమని చెప్పమంటావు?"

"ఏమీ చెప్పకు."

"ఏమీ చెప్పకుండా ఎలా ఉంటారే మనుషులు!" అని ఫోన్ పెట్టేసింది. పావుగంటకి మళ్లీ చేసింది. అన్నం తిన్నావా అంది.

జూలై 13

ప్రేమికుల కార్డు పూర్తయింది. లిఫ్ట్‌లో ఇద్దరూ ఉన్నారు. ఆయన్ని స్టూలు మీద కూర్చోమని అడిగాను. కూర్చున్నాడు. ఈసారి చూసి గీశాను. చెవి పక్కన జుట్టు తెల్లబడింది, ఎప్పుడో.

జూలై 14

గది చూడటానికి వెళ్లాను. ఆయన కూడా వస్తానన్నాడు. "ఒక్కదానివే వెళ్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు" అన్నాడు. దారిలో ఇద్దరం వాన వస్తుందా రాదా అని మాట్లాడుకున్నాం.

ఇంటావిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. మెట్ల పక్క గది. మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి, "మీ ఇద్దరికీ ఇరుకవుతుందమ్మా" అంది.

"ఒక్కరికేనండీ" అన్నాడు ఆయన.

"ఒక్కరికా? ఎవరికి?"

ఆవిడ ఒకసారి ఆయన వంక, ఒకసారి నా వంక చూస్తోంది. ఆయన ఏదో ఒకటి చెప్పి నన్ను కాపాడబోతున్నాడని తెలిసింది. బంధువుల అమ్మాయికనో, ఆఫీసు పనికనో. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"నాకు" అన్నాను.

ఆవిడ తాళం తేవడానికి లోపలికి వెళ్లింది. ఆయన చెయ్యి ఎప్పుడు వదలాలో నాకు తెలియలేదు.